చెంచమ్మ తాగిన రెండో గుక్క

విడవలూరు సంతలో చెంచమ్మ గంప దించిందంటే ఆ వరసంతా కొంచెం సర్దుకొని కూర్చునేది. పాళెం నుంచి చేపలు మోసుకొచ్చే ఆడవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నా, కొనేవాళ్ళు ముందు ఆమె దగ్గర ఆగి రెండు మాటలు పడి, ఆ తరువాతే పక్క గంపల వైపు పోయేవారు. చేప చెవి ఎత్తి చూపమంటే చూపేది. రెండోసారి ఎత్తమంటే, "పెళ్ళిచూపులకొచ్చినావా అయ్యా? పాట కూడా పాడించమంటావా?" అనేది. నలభై దాటిన సన్నపాటి మనిషి. ఏళ్ళ తరబడి గంప మోసిన మెడ వంగడం మరిచిపోయింది. నడిచేటప్పుడు గంపను చేత్తో పట్టుకొనేది కాదు. చేతులు మాటలకు కావాలి.

పాళెంలో మాత్రం ఆ మాటలకు చోటు లేదు. ఒకవైపు సముద్రం, ఒకవైపు బకింగ్‌హాం కాలవ, మధ్యలో ఇసుకమీద గుడిసెలు. వలలు బాగుచేసుకొనే పాకలో పెద్దలు కూర్చుని ఏదైనా తీర్మానిస్తే దాన్ని దురాయి అనేవారు. దురాయి దాటినవాళ్ళకు నిప్పు ఇవ్వరు, నీళ్ళు ఇవ్వరు, పెద్దవల లాగినప్పుడు వాటా ఇవ్వరు. ఆ కూటంలో మగవాళ్ళు పాకలో, ఆడవాళ్ళు బయట ఇసుకలో. ఆడవాళ్ళు వినవచ్చు, అడగకూడదు. ఆడదాని మాట ఏదైనా ఉంటే మొగుడు లేచి చెప్పాలి.

చెంచమ్మ మొగుడు వెంకయ్య సముద్రంమీద ధైర్యస్తుడే. కూటంలో లేచి నిలబడితే మాత్రం తువ్వాలుతో మొహం తుడుచుకొనేవాడు. ఇంట్లో చెంచమ్మ ఒకటికి నాలుగుసార్లు చెప్పించి, తిరిగి అప్పజెప్పించుకొని పంపేది. అక్కడ ఆయన నోటినుంచి ఎప్పుడూ ఒకటే వచ్చేది: "పెద్దలు, మీకు తెలియందేముంది." కూర్చునేవాడు. బయట ఇసుకలో చెంచమ్మ పిడికిట్లో ఇసుక బిగించుకొని కూర్చునేది. కాపురానికి వచ్చినప్పటినుంచీ ఇదే వరస.

యాభై ఏడో సంవత్సరం వేసవిలో ఆమె కూతురు నాగులమ్మ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. మద్రాసులో కొత్త జ్వరం దిగిందనే మాట సంతకు వచ్చిందీ అప్పుడే. ఓడలో వచ్చిందట. ఇంటికొకరు పడుకొంటే మర్నాటికి ఇల్లంతా పడుకొంటోందట. టీకొట్టు బల్లమీద పేపరు పరుచుకొని రైసుమిల్లు గుమాస్తా ఒకాయన రోజూ చదివి వినిపించేవాడు. పేపర్లో డాక్టర్లే రెండు పక్షాలయ్యారు. బడులూ సినిమాహాళ్ళూ మూసెయ్యాలని కొందరు, వచ్చేది ఎలాగూ వస్తుంది, మూసి లాభం లేదని కొందరు. గుమాస్తా ఆ రెండూ చదివి తన మాట మూడోది చెప్పాడు.

"ఓడ యాడ నుంచి వచ్చింది? సముద్రం మీంచి. చేప యాడ నుంచి వస్తా ఉండాది? ఆ సముద్రంలోంచే. ఇంక చెప్పేదేముండాది?"

"ఉప్పు కూడా ఆ సముద్రమే గదయ్యా," అంది చెంచమ్మ. "రేపట్నుంచి చప్పిడి కూడు తింటావా?"

టీకొట్టంతా నవ్వింది. నవ్వినవాళ్ళెవరూ చేపలు మాత్రం కొనలేదు. వారం తిరిగేసరికి కానాగంత చేపల గంపలు దించినవి దించినట్టే మళ్ళీ నెత్తికెక్కాయి. ఇంటికి తెచ్చి, ఉప్పేసి, ఇసుకలో ఎండబెట్టుకున్నారు. ఇన్ని మాటలు వచ్చిన నోటితో కొనిపించలేకపోయినందుకు చెంచమ్మకు ఒళ్ళు మండిపోయింది.

సంతలో ఆమె పక్కన గాజుల బుట్టతో కూర్చునే జాన్‌బీ చాన్నాళ్ళు రాలేదు. వచ్చిన రోజున బుట్ట విప్పకుండా ఊరికే కూర్చుంది.

"షాహిదా పోయింది చెంచమ్మా," అంది.

షాహిదాబీ జాన్‌బీ తమ్ముడి పెళ్ళాం. నెల్లూరులో ఉండేది. చెంచమ్మ ఒకసారి చూసింది, నవ్వితే పైచిగుళ్ళు కనపడే పిల్ల.

"ఏమైంది?"

"ఈ జొరమే. ఇంట్లో అందరికీ వచ్చింది. ఒళ్ళునొప్పులు, దగ్గు, పడుకున్నాం, లేచినాం. అదొక్కటే లేవలా. కడుపుతో ఉండాది గదా. కడుపుతో ఉండేవాళ్ళకి ఇది చానా చెడ్డదని డాక్టరు చెప్పినాడు." జాన్‌బీ కళ్ళు ఒత్తుకొని, "నీ బిడ్డకెన్నో నెల?" అంది.

"ఎనిమిది పడతాది."

"ఎవురి పక్కకీ పోనీబాక. ఎవుర్నీ రానీబాక."

చెంచమ్మ ఆ రోజు గంప అమ్ముడుకాకుండానే ఇంటికి బయలుదేరింది. వచ్చీ రాగానే గుడిసెలో లోపలి అర ఖాళీ చేసి నాగులమ్మకు చాప వేసింది. గడప దగ్గర తాను కూర్చుంది. చూడవచ్చిన వాళ్ళను, "పాప నిద్రపోతా ఉండాది" అని తిప్పి పంపింది.

"పగలంతా నిద్రేనా? బిడ్డని కంటాదా, గుడ్లు పొదుగుతాదా?" అంది పక్కింటి పిచ్చమ్మ. పిచ్చమ్మ పాళెంలో కాన్పులు చేసే ముసలామె. ఆమెను కూడా చెంచమ్మ గడప దాటనివ్వలేదు.

"నొప్పులొచ్చినప్పుడు పిలుస్తాలే పెద్దమ్మా."

"రాణివాసం పెట్టినావే," అనుకుంటూ పిచ్చమ్మ పోయింది.

లోపల్నుంచి నాగులమ్మ, "జైల్లో పెట్టినావు గదమా," అంది. చెంచమ్మ షాహిదాబీ సంగతి కూతురికి చెప్పలేదు. చెబితే భయంతోనే పడుకొంటుందనుకొంది.

ఆ తరువాత శానిటరీ ఇన్‌స్పెక్టరు పద్మనాభయ్య సైకిలు నడిపించుకుంటూ ఇసుకలో పడి వచ్చాడు. పాళెం అందర్నీ పిలిపించమన్నాడు. పాక నిండింది. నిండినాక ఆయన, ఈ జ్వరం దగ్గులో, తుమ్ములో, మనిషి ఊపిరిలో పోతుందనీ, నలుగురు ఒకచోట గుమిగూడవద్దనీ చెప్పాడు.

"మరి మమ్మల్ని గుమిగూడమంది మీరే గదయ్యా," అన్నాడు వెనకనుంచి ఎవడో.

పాళెం పెద్ద గంగులయ్య వాణ్ణి కసిరి, "సూది ఎప్పుడేస్తారయ్యా?" అని అడిగాడు.

"దీనికి సూది లేదు."

"కలరాకి ఉండాది, మశూచికి ఉండాది. సూది లేని రోగమేంది?"

"కొత్తది. ఇంకా కనిపెట్టలేదు." పద్మనాభయ్య రుమాలు తీసి దగ్గాడు. "వేడినీళ్ళు తాగండి. జ్వరం వచ్చినవాణ్ణి దూరంగా పడుకోబెట్టండి. కడుపుతో ఉన్నవాళ్ళనీ ముసలివాళ్ళనీ జాగ్రత్తగా చూసుకోండి." కాసిని మాత్రలు గంగులయ్య చేతిలో పోసి, తిరిగి సైకిలు తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆయన చెప్పినదాంట్లో చివరి మాట చెంచమ్మ పట్టుకొంది. మిగతా పాళెం ఆయన దగ్గును పట్టుకొంది.

మర్నాడు కూటం పెట్టారు. రోగం ఎట్లా వస్తుందో తేల్చితే గాని దురాయి కట్టలేరు. ముసలి ముత్యాలయ్య ముందు లేచాడు. "దక్షిణం గాలి తిరిగినకాణ్ణించే వస్తా ఉండాది. పట్నం దక్షిణానే గదా. గాలే మోస్తా ఉండాది."

"గాలైతే సముద్రంమీద మనకే ముందు రావాల. మనకింకా రాలేదే," అన్నాడొకడు. "కాలవ నీళ్ళు. పట్నం మురికంతా కాలవలోనే వస్తాది."

"కాలవ పారేది ఎటు రా? నీళ్ళు వెనక్కి నడిచొచ్చినాయా?"

"పోయినేడు గంగమ్మకు కొలుపు సరిగా చెయ్యలా. ఆ మాటెవురూ ఎత్తరేం?"

"ఇన్‌స్పెట్రయ్య దగ్గులో పోతాదన్నాడు గదా."

"ఆ మాట చెప్తా చెప్తా ఆయన ఎన్నిసార్లు దగ్గినాడో చూసినావా? పోయేదైతే ఆయన్నుంచే పోయుండాల మనకి."

పాక నవ్వులతో దద్దరిల్లింది. బయట చెంచమ్మ పిచ్చమ్మ వైపు ఒరిగి, "దేన్నుంచి వస్తేనేం పెద్దమ్మా, మనిషి నుంచి మనిషికి వస్తా ఉండాదని కళ్ళెదురుగా కనపడతా ఉంటే?" అంది.

"నాకు చెప్పి ఏం లాభం? లేచి చెప్పు," అంది పిచ్చమ్మ. ఇద్దరికీ తెలుసు లేవకూడదని.

చివరికి గంగులయ్య చెయ్యెత్తాడు. "గాలో నీళ్ళో మనం తేల్చలేం. ఏదైనా బయట్నుంచే వస్తా ఉండాది. బయట మూసేద్దాం. కాలవ పడవలు మన రేవు తాకగూడదు. ఆడోళ్ళు సంతకు పోగూడదు. ఎవురూ పాళెం దాటగూడదు, ఎవుర్నీ రానీగూడదు. రేపు పొద్దున ఉప్పునీళ్ళు."

మొదటి మాటలకు చెంచమ్మ ప్రాణం కుదుటపడింది. ఇన్నేళ్ళలో ఒక దురాయి ఆమెకు నచ్చడం అదే మొదలు. చివరి మాట మాత్రం నచ్చలేదు.

దురాయి కట్టుబడాలంటే పాళెంలో ప్రతి ప్రాణీ ఉప్పునీళ్ళు ముట్టాలి. సముద్రపు నీళ్ళల్లో పసుపు కలిపి, ఒకే కొబ్బరిచిప్పతో వరసగా అందరూ పెదవి ఆనించి గుక్కెడు తాగాలి. మామూలప్పుడు ఎంగిలి చెంబు తాకనివాళ్ళు కూడా ఆ చిప్పకు ఎంగిలి లేదనేవారు. పాళెమంతా ఒక నోరని దానికి అర్థం. ఏ పొయ్యి కూడు తింటే ఆ పొయ్యి తరఫున తాగాలి. పురిటికి వచ్చిన ఆడపిల్లకైనా తప్పదు.

ఆ సాయంత్రమే సరుగుడు కట్టెల పడవ మీద గంగులయ్య మేనల్లుడు చిన్నపోలయ్య మద్రాసునుంచి దిగాడు. హార్బరులో మూటలు మోసేవాడు. ఎండలో దుప్పటి కప్పుకొని వణుకుతున్నాడు. వాణ్ణి వెనక్కి పంపుదామా అనే మాట వచ్చింది. గంగులయ్య ఒప్పుకోలేదు. "దురాయి రేపట్నుంచి గదా. వాడు మన ప్రాణి. ముందు వాడితోనే తాగిద్దాం. వాడితో ఏదన్నా వచ్చుంటే అది కూడా కట్టుబడిపోతాది."

ఆ మాట పాళెంలో అందరికీ సబబుగా తోచింది. చెంచమ్మ ఇంట్లో నిప్పులు చెరిగింది.

"దగ్గేవాడు తాగిన చిప్ప నా బిడ్డ నోటికి ఎట్టా పెడతావయ్యా?"

"ఒట్టులో ఎంగిలి లేదే," అన్నాడు వెంకయ్య.

"ఎంగిలి సంగతి కాదు నేను చెప్పేది. జాన్‌బీ మరదలు పోయిందయ్యా. కడుపుతో ఉండి పోయింది." గొంతు తగ్గించింది, లోపల వినపడకుండా. "రేపు నువ్వు లేచి చెప్పాల. ఈసారి కూడా పెద్దలు మీకు తెలియందేముందని కూచున్నావంటే నీకు ఈ ఇంట్లో కూడు లేదు."

"ఏమని చెప్పేది? తాగకపోతే వెలే. పెద్దవలలో వాటా పోతాది."

"అది తాగకపోతే ఒప్పుకోరు. దాని గుక్క నేను తాగుతా. రెండు గుక్కలు తాగుతా. ఆ మాట చెప్పు."

వెంకయ్య ఆ మాట పడుకొనేదాకా గొణుక్కున్నాడు.

పొద్దున్నే ఒడ్డున వరస కట్టారు. గంగులయ్య చిప్ప ముంచి చిన్నపోలయ్యకు ఇచ్చాడు. వాడు దుప్పట్లోంచి చెయ్యి చాపి తాగి, దగ్గి, చిప్ప పక్కవాడికి అందించాడు. చిప్ప చేతులు మారుతూ వెంకయ్య దాకా వచ్చింది. ఆయన తాగలేదు. చిప్ప పట్టుకొని నిలబడ్డాడు. తువ్వాలు భుజం మీదే ఉంది, మొహం తుడుచుకోలేదు.

"నా బిడ్డ కడుపుతో ఉండాది. దాని గుక్క నా పెళ్ళాం తాగుతాది. రెండు నోళ్ళకి రెండు గుక్కలు. ఇందులో తప్పుంటే చెప్పండి," అన్నాడు.

కాసేపు గొణుగుడు పుట్టింది. ముత్యాలయ్య, "అట్టా ఎప్పుడూ లేదే," అన్నాడు. "కడుపులో బిడ్డకి కూడా కలిపి మూడు తాగమను," అన్నాడింకొకడు. గంగులయ్య చాలాసేపు గడ్డం గోక్కొని, సరేనని తల ఊపాడు.

వెంకయ్య తాగాక చెంచమ్మ చిప్ప అందుకొని తన గుక్క తాగింది. మళ్ళీ ముంచుకొని కూతురి గుక్క తాగింది. ఉప్పు గొంతులో గీరుకుపోయింది. ఇంటికి నడుస్తుంటే పెళ్ళైననాడు కూడా మొగుణ్ణి అంత తృప్తిగా చూసుకొని ఉండదు. ఆ రోజు వెంకయ్యకు చేపల పులుసులో మంచి ముక్కలన్నీ వేసింది.

ఆ తరువాత కాపలా ఇంకా గట్టిగా సాగించింది. పిల్లల్ని గడప తాకనివ్వలేదు. వెంకయ్యను బయట పడుకోమంది. కూతురికి తానే గంజి కాచింది, తానే తల దువ్వింది, రాత్రిళ్ళు పక్కనే పడుకొంది. తనకు తల నొప్పి పెడితే ఎండదెబ్బ అనుకొంది. దగ్గు వస్తే ఆ ఉప్పునీళ్ళు గొంతులో పట్టేశాయనుకొంది. కూతురి దగ్గరికి రాకూడనివాళ్ళు ఎవరెవరో ఆమెకు బాగా తెలుసు. అందులో తాను లేదు.

కీళ్ళు పట్టేసి లేవలేక గోడకు చేరగిలబడిన రోజున, నాగులమ్మ వచ్చి ఆమె నుదుటిమీద చెయ్యి పెట్టింది.

"కాలిపోతా ఉండావు గదమా."

"దూరం పో," అంది చెంచమ్మ. "దూరం పో నువ్వు." అప్పటికే నాగులమ్మ తలనొప్పిగా ఉందని పొద్దున్నుంచి కూడు తినలేదు.

చిన్నపోలయ్య లేచి తిరుగుతున్నాడు. పాళెంలో సగం పడుకొంది. నాగులమ్మకు జ్వరం తగ్గలేదు, ఊపిరి బరువెక్కింది, నొప్పులు మొదలయ్యాయి. చెంచమ్మ గోడ పట్టుకొని లేచి, "విడవలూరు డాక్టరు దగ్గరికి పడవలో తీసకపోదాం," అంది. వెంకయ్య గంగులయ్య ఇంటికి పరుగెత్తాడు. గంగులయ్య కూడా పడుకొనే ఉన్నాడు.

"పాళెం దాటగూడదు గదా వెంకయ్యా."

"నువ్వే కట్టినావు, నువ్వే ఇప్పు."

"నా చేతిలో ఏముండాది? కూటం విప్పాల. కూటానికి మనుషులు యాడ లేచి కూచుంటారు? రేపు చూద్దాం."

వెంకయ్య వచ్చి ఆ మాట చెప్పాడు. చెంచమ్మ వినీ వినగానే పడవ తోయమంది. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. తోడుకు ఎవరినడిగినా, లేవగలిగినవాడు దురాయి అన్నాడు, లేవలేనివాడు ఏమీ అనలేదు. వెంకయ్య మధ్యాహ్నందాకా అట్లా గడప గడపకూ తిరిగి వచ్చేసరికి, గుడిసెలో పిచ్చమ్మ గడప దాటి లోపల కూర్చుని ఉంది. ఈసారి ఆమెను ఆపిన వాళ్ళు లేరు. బిడ్డ ఏడవకుండా పుట్టింది. మొగపిల్లాడు. పిచ్చమ్మ తలకిందులుగా పట్టుకొని తట్టింది, నోట్లో ఊదింది, ఆ తరువాత గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది.

నాగులమ్మ బతికింది. చాలా రోజులు మంచినీళ్ళు తప్ప ఏమీ అడగలేదు.

జ్వరం దానంతట అది పాళెం దాటిపోయింది. దురాయిని ఎవరూ విప్పలేదు. ఒక రోజు పెద్దవల లాగాల్సి వచ్చింది, ఇంకో రోజు పడవ రేవు తాకింది, అంతే. జనం లేచి తిరగడం మొదలుపెట్టాక గంగులయ్య కూటం పిలిచాడు. అంత గట్టిగా మూసినా జ్వరం లోపలికి ఎట్లా వచ్చిందో తేల్చాలన్నాడు.

"గాలే," అన్నాడు ముత్యాలయ్య.

"గాలైతే మూసి ఏం లాభం? ఒట్టు తప్పింది. ఒక పొయ్యి వాళ్ళు తాగాల్సిన గుక్క ఇంకొకరు తాగినారు. ఆ సందులోంచే దూరింది," అన్నాడింకొకడు.

పాకలో తలలు వెంకయ్య వైపు తిరిగాయి. చిన్నపోలయ్య వైపు ఒక్క తలా తిరగలేదు. వెంకయ్య లేచాడు. చెంచమ్మ బయట ఇసుకలోంచి మెడ చాచి చూసింది. ఆయన తువ్వాలు తీసుకొని మొహం తుడుచుకున్నాడు.

"తప్పు మాదే. క్షమించండి," అన్నాడు.

చెంచమ్మ లేచింది. పిచ్చమ్మ చీర పట్టుకొని లాగినా ఆగకుండా పాక నిట్టాడి స్తంభం దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏ తప్పయ్యా?" అంది.

"ఆడది మాట్లాడగూడదు," అన్నాడు ముత్యాలయ్య.

"మాట్లాడను. అడుగుతా ఉండా. నా బిడ్డని తాగనీకపోవడం తప్పా, దాని గుక్క నేను తాగడం తప్పా? చిప్పలోంచి వచ్చుంటే నేనే తాగి నేనే మోసకపోయి దానికిచ్చినా. గాలిలోంచి వచ్చుంటే నేనేం చెయ్యలా. మీరు పెద్దలు. ఏదో ఒకటి తేల్చి చెప్పండి. నాకు తెలియాల."

ఆమె గొంతులో సంతలో వినపడే పెళుసుదనం లేదు. నిజంగా జవాబు కోసమే నిలబడిందని అర్థమై కొందరు తలలు దించుకున్నారు. గంగులయ్య వెంకయ్య వైపు చూశాడు, వెంకయ్య ఇసుక వైపు చూశాడు.

"ఇంటికి పో చెంచమ్మా. అది అంత తొందరగా తేలేది కాదు," అన్నాడు గంగులయ్య చివరికి. "మళ్ళీ కూటంలో చూద్దాం."

"ఎప్పుడు?"

వలలో చిరిగిన చోట ఎవడో ముడులు వేస్తూ, ఇక సంతల్లో చేపలు కొంటున్నారా లేదా అని పక్కవాణ్ణి అడిగాడు. కొంటున్నారట. మాట ఆ వైపు పోయింది. చెంచమ్మ ఇంకాసేపు నిలబడి, వెనుదిరిగింది.

గుడిసెలో నాగులమ్మ చాపమీద లేచి కూర్చుని ఉంది. మొహం ఇంకా పాలిపోయే ఉంది.

"ఏమన్నారమా?"

"ఇంకా తేల్లేదంట."

"ఏంది తేలాల్సింది?"

చెంచమ్మ పొయ్యిలో పుల్లలు సర్ది ఊదింది. పొగ లేచింది. గంజి వేడెక్కేదాకా ఆమె మొహం ఇటు తిప్పలేదు. కాగినాక గిన్నెలో పోసి, తెచ్చి కూతురికి చేతికందేంత దూరంలో నేలమీద పెట్టి, వెళ్ళి గడప అవతల కూర్చుంది.